ఏమీ తినలేదండి

మా జిల్లాలో ఎవరికైనా పొట్టలో నొప్పి వస్తే మొదట అడిగే మాట "క్రియాటిన్ చేయించావా?" అని. చదువురాని ముసలమ్మకు కూడా ఆ మాట వచ్చు, కాకపోతే కిరియాటిన్ అంటుంది. ఉద్దానం వైపు కిడ్నీలు పాడైనవాళ్ళ సంగతి అందరికీ తెలుసు కాబట్టి, నొప్పి ఎక్కడ వచ్చినా మనిషి చెయ్యి నడుం మీదకే పోతుంది. నాకు నొప్పి మొదలైనప్పుడు నేనూ ముందు ఆ పరీక్షే చేయించుకున్నాను. బాగానే ఉందన్నారు. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చి, టీలో బిస్కెట్లు ముంచుకుని తిన్నాను. సాయంత్రానికి నొప్పి మళ్ళీ వచ్చింది.

బొడ్డు చుట్టూ తడిబట్ట పిండినట్టు ఉండేది. రాజాంలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతాను. క్లాసు మధ్యలో వచ్చిందంటే బోర్డు వైపు తిరిగిపోయి, అవసరం లేని లెక్క ఒకటి వేస్తూ నిలబడేదాన్ని. పిల్లలు దాన్ని కూడా బుద్ధిగా రాసుకునేవారు. కడుపు ఉబ్బిపోయి చీర కుచ్చిళ్ళు నిలిచేవి కావు. తోటి లెక్చరర్ ఒకావిడ స్టాఫ్ రూములో "విశేషమా మేడమ్?" అని అడిగింది. నలభైకి దగ్గర పడుతున్నాను, ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే కూతురుంది. ఆవిడ కాఫీ ఆవిడ నెత్తినే పోద్దామనిపించింది.

కోపం పైకి. లోపల భయం. మా నాన్న కడుపునొప్పితోనే పోయాడు. కళింగపట్నం పక్కన మా ఊళ్ళో మిషన్ బడిలో మాస్టరుగా పనిచేసేవాడు. నేను ఇంటర్ చదువుతుండగా ఆయనకు తిన్నది ఒంటికి పట్టడం మానేసింది. మనిషి ఎండిపోయాడు. ఏ డాక్టరూ దానికి ఒక పేరు పెట్టలేకపోయాడు. ఇప్పటికీ ఎవరైనా మీ నాన్న ఎలా పోయాడని అడిగితే "కడుపునొప్పి" అనే చెబుతాం. నాకూ అంతేనేమో, రేపు నా కూతురు కూడా నా గురించి ఆ ఒక్క మాటే చెబుతుందేమో అన్నదే నా బెంగ. పోవడం కంటే పేరులేని జబ్బుతో పోవడం నాకు ఎక్కువ భయంగా ఉండేది.

డాక్టర్లు మారారు. శ్రీకాకుళంలో ఒకాయన గేస్ అన్నాడు. విజయనగరంలో ఒకాయన స్కానింగు తీయించి, నోట్లోంచి గొట్టం వేసి చూసి, నార్మల్ అన్నాడు. ఆ నార్మల్ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండేది. నార్మల్ అయితే నేనెందుకు ఇక్కడ వంగిపోయి కూర్చున్నాను? ఇంకొకాయన మా ఆయన వైపు తిరిగి, నేను గదిలో లేనట్టే, "మేడమ్ గారికి టెన్షన్ ఎక్కువండీ" అన్నాడు. రక్తం తక్కువగా ఉందని అందరూ బిళ్ళలు రాశారు. ఎన్ని మింగినా రక్తం పట్టలేదు. ప్రతి డాక్టరూ అడిగే ప్రశ్నకు ప్రతిసారీ నేను చెప్పిన జవాబు ఒక్కటే.

"ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదండి."

అది అబద్ధం కాదు. నొప్పి మొదలైతే నేను తినను. అంటే అన్నం తినను. మా దగ్గర ఒంట్లో బాగాలేనివాళ్ళకు అన్నం ఆపేసి రొట్టి పెడతారు. ఇక్కడ రొట్టి అంటే బేకరీ రొట్టి, తెల్లగా దూదిలా ఉండేది. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను చూడడానికి వెళ్తే చేతిలో పట్టుకెళ్ళేది అదే, లేకపోతే రస్కుల పొట్లం. మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. నా ముఖం మారగానే ఆవిడ గిన్నెలో పాలు కాచేది.

"ఏటే, మళ్ళీ వచ్చినాదా? అన్నం బరువు. రొట్టి ముక్క పాలల్లో నానబెట్టి పెడతాను, తేలిగ్గా అరుగుతాది."

చెంచాతో తినిపించేది కూడా. నేను కసురుకుంటే "నోరు మూసుకొని తిను" అనేది. తర్వాత తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. ఆ చేతికింద కళ్ళు మూసుకుని, అమ్మ ఉండగా నాకేమీ కాదులే అనుకునేదాన్ని. మా ఆయనది ధాన్యం వ్యాపారం. రోజూ సాయంత్రం బేకరీకి వెళ్ళి రావడం ఆయన వంతు. "ఊరందరికీ బియ్యం అమ్మే మనిషిని. నా పెళ్ళానికి రొట్టి మోసుకొస్తన్నాను. ఎవులైనా వింటే నవ్వుతారు" అనేవాడు. నవ్వించడానికే అనేవాడు కానీ, ఆయన కళ్ళల్లో నవ్వు ఉండేది కాదు.

చివరికి విశాఖపట్నం వెళ్ళాం. నేను నడవలేకపోతున్నానని అమ్మ కూడా బయల్దేరింది. ఆ డాక్టరమ్మ నాకంటే చిన్నది. కాగితాలన్నీ తిరగేసి, ఇన్ని బిళ్ళలకు రక్తం ఎందుకు పట్టలేదని తనలో తాను అనుకుని, తర్వాత ఆ పాత ప్రశ్నే అడిగింది.

"ఈ మధ్య ఏం తింటున్నారండీ?"

"ఏమీ తినడం లేదండి" అన్నాను.

అమ్మకు నా మాట సరిపోలేదు. "ఏటీ తిన్లేదు తల్లీ" అని అందుకుంది. "పొద్దున్న నాలుగు రస్కులు. మజ్జానం రొట్టి, పాలు. రాత్రికి కూసింత ఉప్మా, అదీ బొంబాయి రవ్వతోనే సేసినాను, తేలిగ్గా ఉంటాదని. వారం నుంచి మెతుకు ముట్టలేదు. సూడు, ఎలాగైపోయినాదో."

డాక్టరమ్మ అమ్మ చెప్పినవన్నీ ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత నాతో అంది: "అంటే మీరు వారం నుంచి గోధుమ తప్ప ఇంకేమీ తినలేదన్నమాట."

లెక్కలు చెప్పేదాన్ని. కళ్ళముందున్న లెక్క నాకు కనబడలేదు. నాకే కాదు, అన్నమే తిండి అనుకునే మా వాళ్ళెవరికీ కనబడదు. నాలుగు దోసెలు తిన్నవాణ్ణి అడిగినా "ఇంకా తినలేదు, టిఫిన్ చేశానంతే" అంటాడు. ఇన్నాళ్ళూ నేను డాక్టర్ల ముందు కూర్చుని, నా జబ్బును నా నోటితోనే దాచిపెట్టాను.

ఒక రక్తపరీక్ష రాసింది. మళ్ళీ గొట్టం వేసి, ఈసారి పేగు లోపలి నుంచి చిన్న ముక్క తీసి పంపింది. ఫలితం వచ్చేదాకా రోజూ తినేదే తినమంది. తెలిసి తెలిసి ఆ రొట్టి మింగిన రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. గోధుమ కాకపోతే? మళ్ళీ నార్మల్ అంటే?

చివరికి గోధుమే అని తేలింది. దానికొక పేరుంది, సీలియాక్ అని. గోధుమ తగిలితే పేగు తనను తానే కొరుక్కుంటుందట. పూటపూటా గోధుమరొట్టెలు తినే ఉత్తరాదివాళ్ళకు ఎక్కువట, ఇటువైపు అరుదని ఎవరూ దానికోసం వెతకరట. జీవితాంతం గోధుమ ముట్టకుండా ఉంటే చాలంది. పేరు విన్నాక నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. మా ఆయన ఆసుపత్రి వరండాలోనే "ఇంక నా బియ్యమే తిని బతుకు" అని గట్టిగా నవ్వాడు.

రక్తసంబంధం ఉన్నవాళ్ళకు కూడా ఉండవచ్చు, పాపకు పరీక్ష చేయించండి అని డాక్టరమ్మ చెప్పింది. పాపకు లేదని తేలింది. అమ్మ బయట బెంచీ మీద ఉన్నప్పుడు నేను నాన్న సంగతి అడిగాను. "అయ్యుండొచ్చండీ" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు ఎవరు చెప్పగలరు?"

ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మా బాప్టిస్టు సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తారు. చిన్న రొట్టి ముక్క, కాస్త ద్రాక్షరసం. నేను ఆ ముక్కకు కూడా భయపడుతున్నానని అమ్మ పాస్టరుగారితో మాట్లాడి, బియ్యప్పిండితో నాకొక చిన్న రొట్టె కాల్చి తెచ్చింది. పళ్ళెంలో అది ఒక పక్కగా ఉంది. నేను తీసుకుని పళ్ళెం అమ్మకు అందించాను. అమ్మ ముట్టుకోకుండా పక్కావిడకు అందించేసింది.

మనసులో దోషం ఉన్నవాళ్ళు బల్ల పుచ్చుకోకూడదన్నది అమ్మ పట్టుదల. ఒకప్పుడు గోడ తగాదాలో చెల్లెలితో మాటలు పోయినప్పుడు, ఆవిడతో రాజీపడేదాకా పుచ్చుకోలేదు. అంతకు మించి ఎప్పుడూ మానలేదు.

ఇంటికొచ్చాక వంటింట్లో అడిగాను. అమ్మ కడిగిన బియ్యమే మళ్ళీ కడిగింది.

"మీ నాన్నకి అన్నం పడీది కాదు" అంది చివరికి. "శ్రీకాకుళం బస్సు కండక్టరు సేత రోజూ రొట్టి తెప్పించీదాన్ని. పాలల్లో నానబెట్టి, నా సేత్తోనే పెట్టినాను. ఆఖరి రోజు కూడా పెట్టినాను. వద్దు వద్దంటే బలవంతాన పెట్టినాను." గిన్నె కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఒసే, నిజం సెప్పు. మీ నాన్నకీ ఇదేనా?"

"కాదమ్మా. నాన్నది వేరు."

"డాక్టరమ్మ సెప్పినాదా?"

"చెప్పింది. అడిగాను. కాదంది."

అమ్మ నా ముఖంలోకి చూసింది. నేను బోర్డు వైపు తిరగలేదు, అక్కడ బోర్డు లేదు. అమ్మ పైటచెంగుతో ముఖం తుడుచుకుని, బియ్యం పొయ్యి మీద పెట్టి, "అలగైతే వచ్చే నెల పుచ్చుకుంటాను" అంది.

తర్వాతి నెల పళ్ళెం వచ్చింది. అమ్మ తన ముక్క తీసుకుని కళ్ళు మూసుకుంది. ఆ పక్కన కూర్చుని, అబద్ధమాడిన దాన్ని, నేనూ నా బియ్యప్పిండి ముక్క తిన్నాను. కడుపులో నొప్పేమీ రాలేదు.