నా గ్లాసులో నాడె

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. మా పెడన వీధిలో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా గాలి సోకిందనేవాళ్లు. గాలీ లేదు, ధూళీ లేదు, కషాయం కాచుకుని తాగండి అని వెక్కిరించేదాన్ని. అలాంటి నేనే ఇది చెప్పాల్సి రావడం తలవంపులుగానే ఉంది.

అవి యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనం. మా ఇంట్లో రెండు గుంట మగ్గాలుండేవి. ఒకటి మా ఆయన నేసేవారు, రెండోది నేను. అది మా మామగారి మగ్గం. నాకు నేత నేర్పింది ఆయనే. ఏళ్ల తరబడి దగ్గుతూనే నేసి, ఆ దగ్గుతోనే పోయారు. అందరం ఉబ్బసం అనుకున్నాం.

కొన్నేళ్లకు నాకూ దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి జ్వరం. లేహ్యాలు అయ్యాయి, ఆకుపసర్లు అయ్యాయి. ఉమ్మిలో నెత్తురు కనపడ్డాక మా ఆయన నన్ను బెజవాడ తీసుకెళ్లారు. డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి క్షయ అన్నారు. కొండల్లో ఉన్న శానిటోరియానికి వెళ్లి నెలల తరబడి పడుకోవాలి, లేదంటే ఆయన దగ్గరికే వస్తూ గాలి పట్టించుకోవాలి. పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి ఎక్కిస్తారు. జబ్బుపడ్డ ఊపిరితిత్తి ముడుచుకుని విశ్రాంతి తీసుకుంటుంది, లోపలి పుండు మానుతుంది. ఇల్లు వదిలి వెళ్లలేక సూదికే ఒప్పుకున్నాను.

ఊళ్లో మాత్రం ఉబ్బసమనే చెప్పాం. క్షయ అంటే మా గడప తొక్కేవాళ్లుండరు. మా అత్తగారు నా కంచం, గ్లాసు వేరుచేసి పెరటి అరుగు మీద పెట్టింది. మామగారి పాత ఇత్తడి గ్లాసు అది. నీళ్లు ఎత్తు నుంచి పోసేది. నేను దగ్గితే పక్కింటి కిటికీ మూసుకునేది. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. జబ్బు కన్నా ఆ గ్లాసే నన్ను ఎక్కువ తినేసింది.

నా మగ్గం మా ఆడపడుచు రత్నం ఎక్కింది. పెళ్లి కాని పిల్ల, వదినా వదినా అని నా చుట్టూ తిరిగేది.

ఒకరోజు పొద్దున్నే చూద్దును కదా, నా గ్లాసులో నాడె ఉంది. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తి పేక పోసే నాడె, రత్నం నేతకు వాడేది. తీసి మగ్గం మీద పెట్టేశాను. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే.

అత్తగారికి నామీదే అనుమానం. "నీ ఎంగిలి నా పిల్లకి అంటించాలనా ఏమే? సిగ్గు లేదూ?" అని, జబ్బు గుట్టన్న సంగతే మరిచి నలుగురూ వినేలా అరిచింది. నేను ఒట్టేసినా నమ్మలేదు.

పక్కింటి ముసలమ్మ గోడ మీంచి మా అత్తగారితో, "మీ ఆయన ఆ గ్లాసు వదల్లేదే వదినా" అంది. నాకు ఒళ్లు మండింది.

ఒకరోజు నూలు లేక మగ్గం ఆగింది. నేను గాలి పట్టించుకోవడానికి బెజవాడ వెళ్లాల్సిన రోజది. అత్తగారు నా కళ్లెదుటే నాడెను భోషాణంలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. నేనూ మా ఆయనా రైలెక్కాం.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆవిడ అరుగు మీద కూలబడి ఉంది. గ్లాసులో నాడె. తాళంచెవి బొడ్లోనే ఉంది.

"నువ్వు ఇంట్లోనే లేవు కదే అమ్మాయ్" అంది. 

తర్వాతిసారి వెళ్లినప్పుడు మా ఆయన ఈ సంగతి డాక్టరుగారికి చెప్పేశారు. చదువుకున్నాయన ముందు ఈ దయ్యాల కబుర్లేమిటని నేను తలెత్తలేకపోయాను. ఆయన నవ్వలేదు.

"అసలు నాడెతో మీరేం చేస్తారండీ?" అని అడిగారు.

లోపలి నూలు కండె మార్చినప్పుడల్లా నాడె పక్కనున్న కన్నానికి పెదాలు ఆనించి, పోగును పీల్చి బయటికి తీస్తామని మా ఆయన చెప్పారు.

"కంచం వేరు పెట్టారు, గ్లాసు వేరు పెట్టారు. ఇది మాత్రం ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికా?"

అదే నాడె మామగారి నుంచి నాకు, నా నుంచి రత్నానికి. మాకెవరికీ తట్టనే లేదు. మగ్గం మీద అది ఎంగిలి కిందికి రాదు.

రత్నానికి ఎక్స్‌రే తీస్తే చిన్న మచ్చ కనపడింది. ఇంకా ముదరలేదు, ఆలస్యం చేస్తే చేయిదాటేదన్నారు. దానికీ సూది మొదలుపెట్టారు. పిల్ల దక్కింది, పెళ్లయి పిల్లల తల్లి కూడా అయింది. మేం సన్నని తీగెతో పోగు లాగడం అలవాటు చేసుకున్నాం. నాడె మళ్లీ గ్లాసులో కనపడలేదు.

మామగారే కూతుర్ని కాపాడుకున్నారని అత్తగారు పోయేదాకా చెప్పింది. నేను ఔననలేదు, కాదనలేదు.

ఆ అరుగు మీద ఒక్కదాన్నే కూర్చుని, నాలాంటివాళ్లు ఇంకొకరుంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలుసు. రత్నం ఎక్స్‌రే తీయించుకుని వచ్చిన సాయంత్రం అత్తగారు ఏడుస్తూ నా గ్లాసు పక్కన రత్నం గ్లాసు పెట్టింది. నాకు ముందు ఏడుపు రాలేదు. హమ్మయ్య, తోడు దొరికింది అనిపించింది. ఛీ, ఏం బతుకు నాది!

ఆ నాడె అక్కడికి ఎలా వచ్చేదో ఈ రోజుకీ నాకు తెలియదు. నా చేతులు పెట్టలేదని ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేస్తాను. నా మనసు పెట్టలేదని మాత్రం చెయ్యలేను.