మూడుసార్లు తప్పితే దీపం

ఆ ఊళ్లో సాయంత్రమైందా అని అడిగితే ఎవరూ గడియారం చూసేవారు కాదు. తలెత్తి మిల్లు బురుజు వైపు చూసేవారు. బురుజు మీద దీపం వెలిగితే అయినట్టు, వెలగకపోతే ఇంకా కానట్టు. పిల్లల్ని ఆటకి పంపుతూ తల్లులు "దీపం వెలిగేసరికి ఇంట్లో ఉండాలి" అనేవారు. అద్దె గదుల బోర్డుల మీద "కిటికీలోంచి దీపం కనబడును" అని రాసేవారు. కనబడకపోయినా రాసిన ప్రబుద్ధులున్నారు. మెడ బయటికి పెట్టి ఎడమకి తిప్పితే కనబడుతుందని వాళ్ల వాదన. పొరుగూరివాడెవడైనా వచ్చి "ఏముంది, లైటేగా" అన్నాడంటే ఆ పూట వాడికి మంచినీళ్లు కూడా పుట్టేవి కావు.

ఆ దీపం వెలిగించే మనిషి సూదమ్మ. అసలు పేరు జీతం కాయితాల్లో ఎక్కడో ఉండేది, పిలిచే దిక్కు మాత్రం లేదు. సూదమ్మ ఎందుకైందంటే, ఆవిడ దీపం వెలిగించేది గడియారం చూసి కాదు, సూది చూసి.

ఇదంతా నూలు మిల్లు నడిచే రోజుల నాటి సంగతి. రంగుల గదిలో దారానికి రంగు వేశాక, పక్కన మచ్చు దారం పెట్టి సరిచూడాలి. పగటి వెలుతురులోనే చూడాలి. లైటు కింద చూస్తే ఆకుపచ్చ నీలంగానూ నీలం నల్లగానూ కనిపించి కొంప ముంచుతుంది. మరి పగటి వెలుతురు ఎప్పుడు చాలకుండా పోయిందో చెప్పేదెవరు? మేస్త్రీ ఒకటంటాడు, మేనేజరు ఇంకోటంటాడు. రోజూ రగడే. చివరికి రంగుల గదిలోనే పనిచేసే సూదమ్మ మేనత్త ఒక పద్ధతి పెట్టింది. బురుజు పైగదిలో పడమటి కిటికీ దగ్గర నిలబడి తొమ్మిదో నంబరు సూదిలోకి నల్లదారం ఎక్కించాలి. మూడుసార్లు వరసగా తప్పితే పగలు అయిపోయిందని లెక్క. అప్పుడు మీట ఎత్తాలి. దీపం చూసి కింద పని ఆపాలి. మూడుసార్లు తప్పితే దీపం. ఇంక మేస్త్రీ లేడు, మేనేజరు లేడు.

తరవాత మిల్లు మూతపడింది. మిషన్లు లారీలెక్కి పోయాయి. దీపం కూడా ఎందుకని ఎవరో అన్నారో లేదో, ఊరు ఊరంతా బురుజు ముందు కూడలిలో నిలబడింది. రంగుల గది మొహం కూడా ఎరగని వాళ్లు "మా దీపం" అని గొంతు చించుకున్నారు. నగరపాలక ఆఫీసువాళ్లు సరే అని బురుజును తమ కింద పెట్టుకుని, టైముకి దానంతటదే వెలిగే మీట బిగిస్తామన్నారు. "మబ్బు పట్టిన రోజు సాయంత్రం ముందొస్తుంది. మీ మీటకి మబ్బు తెలుస్తుందా?" అని రొట్టెల కొట్టు ఆవిడ అడిగేసరికి ఇంజనీరు తన మీట సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. అలా దీపం మిగిలింది, సూదీ మిగిలింది.

మేనత్త తన కళ్ల మీద తనకే అనుమానం వచ్చిన రోజున, ఒకరు చెప్పకుండానే, సూదీ బురుజు తాళంచెవీ తెచ్చి మేనకోడలి చేతిలో పెట్టింది. కన్నకొడుక్కి పెట్టలేదు. ఆ కొడుకు వాచీలు బాగుచేసేవాడు. కంటికి భూతద్దం లేకపోతే సూది కాదు కదా గునపం కూడా ఆనదు. అతనే సూదమ్మకి బావ, ఊరందరికీ గడియారం బావ. బురుజు కిందే అతని కొట్టు.

అప్పట్నుంచి ముప్పై నాలుగేళ్లు. సూదమ్మ ఒక్క సాయంత్రం తప్పలేదు. కొడుకు పెళ్లినాడు కూడా భోజనం మధ్యలో లేచి వెళ్లి, దీపం వెలిగించి, తిరిగొచ్చి చల్లారిన భోజనం తింది. మొత్తం నూట పన్నెండు మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసపడుతూ మామూలు మనిషిలాగే ఎక్కేది, దిగేటప్పుడు మాత్రం మహారాణి. వీధిలో ఆవిడ నడిచి వస్తుంటే పాలవాడు సైకిలు దిగేవాడు. ఆవిడకి గర్వమని కొందరనేవారు. ఉండదూ మరి! ఇంత ఊరిని ఒక్క చేత్తో ఇంటికి పంపే మనిషికి ఆమాత్రం గర్వం లేకపోతేనే తప్పు.

ఒక్కటే వెలితి. దీపం వెలిగే క్షణాన ఆవిడ మిల్లు రోజుల్లో రంగుల గది లోపల, తరవాత ఎప్పుడూ దీపం పక్కనే ఉంటుంది గనక, అది వెలగడం కింద నుంచి ఒక్కసారీ చూడలేదు. దీపం పసుపు రంగా నారింజ రంగా అని ఊళ్లో ఎడతెగని గొడవ. రంగుల గదిలో పెరిగిన సూదమ్మ తీర్పు చెప్పలేదంటే ఇదే కారణం. మెట్లు దిగేసరికి చీకటిపడేది, చీకట్లో చూసి రంగు చెప్పే అలవాటు ఆవిడకి లేదు.

అరవై ఒకటో ఏట సూదమ్మకి సూదుల మీద కోపం మొదలైంది.

"ఈమధ్య బెజ్జాలు చిన్నవి చేసేస్తున్నారు బావా. పిసినారి సన్నాసులు, ఇనుము మిగులుతుందనుకుంటున్నారు కాబోలు."

"బెజ్జం చిన్నదైతే ఇనుము ఎక్కువే పడుతుందే మరదలా."

"నీ తెలివి ఎవడికి కావాలి? దారం కూడా నూగు తేలిపోతోంది."

ఆడలేక మద్దెల ఓడందట అనాలని బావకి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఏ మాటా కడుపులో దాచుకోలేని బావ ఆ మాట దాచుకున్నాడంటే ఆవిడకి అప్పుడే అనుమానం రావలసింది.

బావకి తెలుసు. రోజూ దీపం వెలిగిన టైము కొట్లో గోడమీద సుద్దముక్కతో రాసుకోవడం అతనికి అలవాటు. ఆ ఏడు దీపం ముందు ఐదు నిమిషాలు తొందరపడింది, తరవాత పది, ఆ తరవాత ఇరవై. సూదిదీ దారానిదీ తప్పేం కాదని, మరదలి కళ్లు మసకబారుతున్నాయని గోడ చెబుతూనే ఉంది. కానీ దీపం పని వదిలిన తరవాత తన తల్లి ఎలా అయిపోయిందో అతను చూశాడు. సాయంత్రమయ్యేసరికి ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. మరదలికి ఆ గతి పట్టడం అతనికి ఇష్టం లేదు. అందుకని తనకి చేతనైన సాయం చేశాడు. వెధవ సాయమే, కానీ ప్రేమతో చేశాడు.

"దీపం ముందే వెలిగిపోతోందేమిటి గడియారం బావా?" అని ఎవరైనా వచ్చి అడిగితే, "నీ వాచీ వెనకబడింది, ఇలా ఇవ్వు" అని తీసుకుని, మూత తెరిచి, ఉఫ్ అని ఊది, ముల్లు ఇరవై నిమిషాలు ముందుకి తిప్పి ఇచ్చేవాడు. అప్పటికింకా అందరి చేతుల్లో ఫోన్లు లేవు. దీపం తప్పు చెబుతుందని ఆ ఊళ్లో ఎవరికీ తట్టదు. తమ వాచీనే తిట్టుకుని దణ్ణం పెట్టి వెళ్లేవారు. ఆ ఏడాది ఆ చుట్టుపక్కల వీధుల్లో ఒక్కడికీ రైలు తప్పలేదు.

అక్కడే గుట్టు బయటపడింది. సూదమ్మ కోడలు రైల్వే టిక్కెట్ల కౌంటర్లో పనిచేసేది. బురుజు వీధివాళ్లంతా రైలుకి అరగంట ముందొచ్చి "ఇంకా రాలేదేం?" అని తనమీద విసుక్కోవడం ఆ పిల్లకి విచిత్రంగా ఉండేది. ఒకరోజు తన వాచీని స్టేషను గడియారంతో పోల్చి చూసుకుంది. ఇరవై నిమిషాలు ముందుంది. కిందటి నెలలో బాగుచేసింది ఎవరు? పెదమావయ్యగారు, అంటే గడియారం బావ. తిన్నగా కొట్టుకి వెళ్లింది. గోడమీద సుద్దగీతలు చదివింది.

"పెదమావయ్యగారూ, ఏమిటిది?"

బావ భూతద్దం తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశాడు. "మీ అత్తకి చెప్పకమ్మా" అన్నాడు.

కోడలు చెప్పలేదు. మర్నాడు సెలవు. మిట్టమధ్యాహ్నం, ఎండ కళ్లు చెదిరేలా ఉన్నప్పుడు, అత్తగారిని వాకిట్లో కుర్చీలో కూచోబెట్టి, కొత్త సూదీ నల్లదారం చేతికిచ్చింది.

"ఒక్కసారి ఎక్కించండి అత్తయ్యా."

"ఇప్పుడెందుకే?"

"నాకోసం."

సూదమ్మ దారం కొస తడిచేసి, సన్నగా నలిపి, గురిపెట్టింది. తప్పింది. సూదిని ఎండవైపు తిప్పి రెండోసారి చూసింది. తప్పింది. అప్పటికే ఆవిడకి అర్థమైపోయింది. అయినా మూడోసారి కూడా చూసింది, ఎందుకంటే పద్ధతి పద్ధతే. దారం సూది పక్కనుంచి జారిపోయింది.

కోడలు పక్కనే నేలమీద కూచుని అత్తగారి మోకాలి మీద చెయ్యి వేసింది.

"మధ్యాహ్నం పన్నెండింటికి నేను దీపం వెలిగించాలన్నమాట" అంది సూదమ్మ. "బురుజెక్కగానే మూడూ తప్పుతుంటే సూదులే అనుకున్నాను. ఎన్నాళ్లయిందే?"

"ఏడాది కావస్తోంది. ఇప్పటికి ఇరవయ్యారు నిమిషాలు ముందు."

"మీ పెదమావయ్యకి తెలుసా?"

కోడలు తలదించుకుంది.

"తెలుసన్నమాట. దీపం కిందే చీకటని ఊరికే అన్నారా!" సూదమ్మ మెడలోని తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టింది. "దీపం అబద్ధం చెప్పకూడదు. సాయంత్రం నువ్వెక్కు. నాకు మళ్లీ దారం ఎక్కిందా, తీసుకుంటాను. ఎక్కలేదా, అది నీదే."

ఆ సాయంత్రం ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి సూదమ్మ కూడలిలో నిలబడింది, పక్కన దోషిలా బావ. జనం రోజూ లాగే కొట్లు సర్దుకుని తలెత్తి చూశారు. దీపం లేదు. కాసేపాగి మళ్లీ చూశారు. లేదు. గుసగుసలు మొదలయ్యాయి.

"ఇవాళ దీపం లేటు." "సూదమ్మకి ఒంట్లో బాగోలేదేమో." "ఇంకెవరో ఎక్కినట్టున్నారు. అలవాటు లేని చెయ్యి, ఇంతే మరి!"

కోడలి మీద పడుతున్న ఆ మాటలు సూదమ్మకి సూదుల్లా గుచ్చుకున్నాయి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకోలేదు.

"ఇవాళే సరిగ్గా వెలగబోతోంది" అంది గట్టిగా. కూడలి అంతా ఇటు తిరిగింది. "ఇన్నాళ్లూ ముందు వెలిగించింది నేను. నా కళ్లు పోయాయి. సూదినీ దారాన్నీ తిట్టుకుంటూ మీ పగలు రోజుకి ఇరవయ్యారు నిమిషాలు కోసేశాను. తప్పు నాది. పైనున్న పిల్లని ఏమీ అనకండి."

చెప్పుల కొట్టాయన "మరి నా వాచీ?" అన్నాడు. పదిమంది తమ చేతుల వైపు చూసుకున్నారు. తరవాత అందరూ గడియారం బావ వైపు చూశారు. అతను ఆకాశంలో ఏదో పిట్టని వెతుకుతున్నట్టు నిలబడ్డాడు.

ముందు రొట్టెల కొట్టు ఆవిడ నవ్వింది. తరవాత అందరూ నవ్వారు. "పోనీలే సూదమ్మా" అందావిడ కళ్లు తుడుచుకుంటూ, "నువ్వు వెలిగించినప్పుడే మాకు సాయంత్రం."

"అలా అనకు. సాయంత్రాన్ని నేను తేను. వచ్చాక వచ్చిందని చెప్పేదాన్ని, అంతే."

అప్పుడు దీపం వెలిగింది. సూదమ్మ కంటికి అది తడిగుడ్డ మీద రంగు చుక్క పడి పాకినట్టు ఒక మరక, అంతే. కానీ చెవులకి ఏ మసకా లేదు. కూడలిలో, మేడల మీద, కిటికీల్లో, పెద్దా చిన్నా అందరూ ఒక్కసారే "వెలిగింది" అన్నారు. గట్టిగా కాదు, మామూలుగా, పక్కవాళ్లతో చెప్పినట్టు. రోజూ అంటారట. పైన మీట చప్పుడు తప్ప ఏమీ వినని ఆవిడకి ఈ సంగతి ఇన్నేళ్లూ తెలియదు. బావ భుజం పట్టుకుని ఏడ్చేసింది.

కళ్ల డాక్టరు శుక్లాలన్నాడు. ఆపరేషన్లు చేశాక, చూపు ఎంతవరకు వస్తుందో చూద్దామన్నాడు. ఆ రెండు నెలలూ కోడలు పొద్దుటి డ్యూటీ వేయించుకుని సాయంత్రాలు బురుజెక్కింది. బావ కొట్టు ముందు వాచీల వరస కట్టింది. ముళ్లన్నీ వెనక్కి తిప్పేసరికి అతని వేళ్లు కాయలుకాశాయి. "అనుభవించు" అనేది సూదమ్మ, కంటికి కట్టుతోనే.

చివరికి కళ్లజోడు వచ్చింది. కళ్లజోడు పెట్టుకోకూడదని మేనత్త ఎప్పుడూ చెప్పలేదు గనక అది పద్ధతికి విరుద్ధం కాదని సూదమ్మ తనంతట తనే తీర్పు ఇచ్చేసుకుంది. ఆ సాయంత్రం కూడలిలో బల్లమీద కూచుని సూదీ దారం తీసింది. వెళ్లేవాళ్లు వెళ్లకుండా ఆగిపోయారు. వెలుతురు తగ్గుతోంది.

దారం ఎక్కింది. లాగేసి మళ్లీ ఎక్కించింది. మళ్లీ ఎక్కింది. ఎక్కినప్పుడల్లా బావ ఊపిరి వదులుతున్నాడు.

"వెలిగింది" అంది ఊరు.

సూదమ్మ తలెత్తింది. ఈసారి మరక కాదు. నల్లటి బురుజు చివర, అద్దాల పలకల గీతలతో సహా, దీపం స్పష్టంగా ఉంది. ఆ రంగుని తన చేత్తో ఎన్ని వందల దారపు కండెలకి వేసిందో ఆవిడకి గుర్తొచ్చింది. "పసుపూ కాదు, నారింజా కాదు" అంది. "పదిహేడో నంబరు తేనెరంగు. ఇంక కొట్టుకోకండి." చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎంత బాగుందో అనుకుంది. ఇంత బాగుంటుందని ఒక్కరూ తనకి సరిగ్గా చెప్పలేదు.

తరవాత తలదించి, దారం మళ్లీ గురిపెట్టింది. బురుజు పైగదిలో కంటే కింద వీధిలో చీకటి ఎక్కువ. అయినా దారం మొదటిసారికే ఎక్కింది. ఇంకోసారి చూసింది. ఎక్కింది.

బావ వాచీలో నాలుగు నిమిషాలు గడిచాక వరసగా మూడుసార్లు తప్పేసరికి, కోడలు మెట్లు దిగి ఆయాసపడుతూ వచ్చింది. "ఎలా ఉంది అత్తయ్యా?"

"బాగుంది" అంది సూదమ్మ లేచి నిలబడుతూ. "నాలుగు నిమిషాలు ముందు వెలిగించావు. తాళంచెవి ఇలా తే."