సున్నం అక్షరాల తోట

కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యానని ముసునూరులో సగం మందికి నేనే చెప్పాను. కాలేజీ నిజమే. నేను చేసింది ఆఫీసులో గుమాస్తా పని. అయినా నాకొక శిష్యురాలుంది. నలభై దాటిన మనిషి, నాకు మేనకోడలి వరస, మామిడి తోట తనే చూసుకుంటుంది.

నిరుడు నాగపూరు షావుకారొకాయన కాపంతా నేరుగా కొంటానన్నాడు. తెలుగు రాదు, ఫోనులో ఇంగ్లీషులో రాస్తాడు. వచ్చిన ప్రతి మెసేజీ ఇంకొకరిచేత చదివించుకుంటే బేరం ఊరంతటికీ తెలిసిపోతోందని, ఇంగ్లీషు రాయడం చదవడం నేర్పమంటూ నా దగ్గరికొచ్చింది.

చెట్ల మొదళ్ల మీద సున్నంతో మాటలు దిద్దించే పద్ధతి నేనే కనిపెట్టాను. కాదులెండి, ఆమే కనిపెట్టింది. తోట పనిలో పుస్తకం పట్టుకునే తీరికేదని, బకెట్లో మిగిలిన సున్నంతో చిన్నరసాల చెట్ల మీద చెట్టుకో ఇంగ్లీషు మాట రాసుకుంది. నేను భేష్ అన్నాను. నా తెలివి అక్కడే బయటపడింది.

మా వైపు కాపు అమ్మేటప్పుడు ఇంటికి ఉంచుకునే చెట్టుకు సున్నం గుర్తు పెడతారు. గుర్తున్న చెట్టు బేరంలో లేనట్టే. తోట చూడటానికొచ్చిన షావుకారు మనిషికి ఇంగ్లీషు రాదు, సున్నం తెలుసు. మంచి చిన్నరసాల చెట్లన్నీ ఇంటికే ఉంచుకున్నారని కబురంపాడు.

ఆ సాయంత్రం వచ్చిన మెసేజీ నాకివ్వకుండా తనే చదివింది, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. చదివి ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"మంచి చెట్లు లేని తోట తనకొద్దంటున్నాడు మావయ్యా."

నేను కళ్లజోడు సవరించుకుని, మా ఆఫీసు అర్జీల ధోరణిలో జవాబు చెప్పడం మొదలుపెట్టాను.

"మీరూరుకోండి మావయ్యా. అన్ని దండాలు పెడితే ఏదో తప్పు చేశామనుకుంటాడు."

తనే రాసింది. ఆ చెట్లు ఇంటికి ఉంచినవి కావు, నేను రాయడం నేర్చుకుంటున్నాను, ఆ సున్నం నా చదువు, చెట్లన్నీ మీ బేరంలోనే ఉన్నాయి. అంతే. నన్ను దిద్దనివ్వకుండానే పంపేసింది.

షావుకారు తనే వచ్చాడు. చెట్టు చెట్టు దగ్గరా ఆగి మాట పైకి చదివాడు. నాలుగు చెట్లు దాటేసరికి ఆయనకన్నా ముందు ఆమే చదివేస్తోంది. ఆయన నవ్వుతూ చేయి చాపాడు. బేరం కుదిరింది.

ఆ జవాబు నేనే రాయించానని నూజివీడు బస్టాండు దాకా చాటాను. ఒక్క ముక్క రాయించలేదు.

వానలకు ఆ సున్నమంతా పోయింది. ఈ ఏడు ఒక్క చిన్నరసం చెట్టు మీద మాత్రం కొత్తగా ఇంగ్లీషులో "మావయ్య" అని రాసింది. ఇదేంటమ్మాయ్, మళ్లీ బేరం చెడగొడతావా అన్నాను.

"ఇది నిజంగానే బేరంలో లేదు మావయ్యా. ఈ కాయలు మీ ఇంటికే."