మంద వెంట వెళ్ళిన ఫ్రిజ్

కరోనా తగ్గిన మరుసటి ఏడు, ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న రోజుల్లో జరిగింది ఇది. మాది జమ్మలమడుగు. పాత బస్టాండుకు దగ్గర్లో ఫ్రిజ్‌లు రిపేరు చేసే చిన్న అంగడి ఉంది. నా మొగుడు నడిపేవాడు. ప్రొద్దుటూరులో ఒక మిద్దె మీద ఏసీ బిగిస్తూ జారి పడి చనిపోయాడు. అప్పటినుంచి నేనే నడుపుతున్నాను. చదువు నాకు రెండో తరగతి దాటలేదు. ఇది కూడా నేను నోటితో చెబుతుంటే నా కూతురు రాస్తోంది. చేతిపని మాత్రం ఆయన పక్కన కూర్చుని చూసి చూసి నేర్చుకున్నాను. కంప్రెసర్ మార్చడం, గ్యాస్ ఎక్కించడం, థర్మోస్టాట్ వేయడం అన్నీ వస్తాయి. నన్ను ఊరంతా ఫ్రిజ్‌ల రమణక్క అంటారు.

మా అంగడిలో ఒక పద్ధతి ఉండేది. ఫ్రిజ్ బాగుచేశాక పై అరలో స్టీలు గ్లాసుతో నీళ్ళు పెడతాం. గడ్డకట్టాక ఆ ఐసును తీసి వచ్చినవాళ్ళ చేతిలో పెడతాం. వాళ్ళు దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నవ్వుతారు. అప్పుడే ఫ్రిజ్‌ను బండి ఎక్కిస్తాం. ఐసు చూడకుండా మా దగ్గర ఎవరూ ఫ్రిజ్ తీసుకుపోయేవాళ్ళు కాదు. ఈ ఎండల్లో బతికేవాళ్ళం, ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని మా అందరి లెక్క.

గండికోటలో డేరాలు వేసి టూరిస్టులను పెట్టుకునేవాళ్ళు ఎక్కువయ్యాక నాకు కొత్త బేరం తగిలింది. కరెంటు లేనిచోట నడిచే ఫ్రిజ్ కావాలని అడగడం మొదలుపెట్టారు. పరుపులూ పొయ్యీ పెట్టుకుని వ్యానుల్లో తిరిగేవాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. నేను చేతులు కాల్చుకునే నేర్చుకున్నాను. ఐసు వేసి మూతపెట్టే పెట్టె మన ఎండకు ఒక్క పగలు కూడా నిలవదు. ఇంకొకటి కారులో సిగరెట్ లైటర్ దగ్గర తగిలించుకునే ఫ్యాను పెట్టె. దాన్ని థర్మోఎలక్ట్రిక్ అంటారు. చవకగా వస్తుంది. అయితే అది బయటి వేడి కంటే ఓ పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గించగలదు, అంతే. బయట నలభై నాలుగు ఉంటే లోపల పాలు విరిగిపోతాయి. అవి రెండు అమ్మి రెండుసార్లూ తిట్లు తిన్నాను. మూడోది పన్నెండు వోల్టుల కంప్రెసర్ పెట్టె. ఇంట్లో ఫ్రిజ్‌నే కుదించి పెట్టెలో పెట్టినట్టు ఉంటుంది. బ్యాటరీ మీద నడుస్తుంది, బ్యాటరీని మిద్దె మీద పెట్టే సోలార్ పలక నింపుతుంది. మీటలు నొక్కితే ఎన్ని డిగ్రీలు కావాలో అంకె కనబడుతుంది. సున్నా దాటి కిందికి, మైనస్ పద్ధెనిమిది దాకా పోతుంది. ఖరీదు ఎక్కువే గానీ పని చేస్తుంది. అప్పటినుంచి నేను అదే అమ్ముతూ వచ్చాను.

ఒకరోజు పొద్దున పది గంటలప్పుడు ఓబులేసు అనే గొర్రెల కాపరి పెళ్ళాంతో కలిసి అంగట్లోకి వచ్చాడు. వాళ్ళది సింహాద్రిపురం పక్క. గండికోటలో ఒక డేరాలాయనకు పొట్టేళ్ళు అమ్మడానికి పోయి, అక్కడ ఈ పెట్టెను చూశాడట.

"అక్కా, ఆ పెట్టె అడివిలో గూడా పనిచేస్తాదా?" అన్నాడు.

"అడివిలో నీకేం పనప్పా ఫ్రిజ్‌తో? గొర్రెలకు కూల్‌డ్రింకులు పోస్తావా?" అన్నాను.

పెళ్ళాం పకపకా నవ్వింది. ఆమె పేరు ఈశ్వరమ్మ. సన్నగా, పుల్లలాగా ఉంది, పాతికేళ్ళు ఉంటాయేమో. "పోసినా పోస్తాడక్కా. గొర్రెలన్నిటికీ పేర్లు తెలుసు ఈయప్పకు. నా మందు పేరు మాత్రం నోరు తిరగదు" అంది.

సంగతి ఏమిటంటే ఆమెకు చిన్నప్పటినుంచి చక్కెర జబ్బు. మాత్రలతో లొంగేది కాదు, పూటపూటకూ ఇన్సులిన్ సూది వేసుకోవాలి. అది లేకపోతే ప్రాణం నిలవదు. ఏటా కోతలు అయిపోగానే ఓబులేసు మందను తోలుకుని నంద్యాల వైపు కాలవ కింది పొలాలకు పోతాడు. రైతులు తమ చేలల్లో రాత్రిపూట మంద కట్టించుకుంటారు, ఎరువు కోసం. నాలుగు నెలలు ఊరి మొహం చూసేది ఉండదు. అన్నేళ్ళూ ఈశ్వరమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. ఇసుక పోసి తడిపిన కుండలో మందు సీసా పెట్టుకుని, అయిపోగానే ఆసుపత్రికి పోయి ఇంకొకటి తెచ్చుకునేది. ఆ ఏడు ఓబులేసు తమ్ముడు మంద వెంట రానన్నాడు. ఈతకొచ్చిన, అంటే ఈనబోయే గొర్రెలు ఎక్కువ. ఒక్క మనిషి చేతిలో అయ్యేపని కాదు.

"నేను బోతా అంటే వద్దంటాడక్కా. మందు చెడిపోతే ఎట్లా అంటాడు" అంది ఆమె.

"చెడిపోతే ఎట్లా మరి? యాడో చేన్లో పడుంటాం. డాక్టరు యాడుంటాడు ఆడ?" అన్నాడు అతను.

"నాలుగు నెల్లు నువ్వు ఆడ, నేను ఈడ. పెండ్లయి ఆరేండ్లయింది. కలిసి ఉండింది లెక్కేసుకుంటే నాలుగేండ్లే" అని ఆమె నా వైపు తిరిగింది. "చెప్పక్కా, మందు చెడిపోకుండా ఉంటాదా, ఉండదా?"

"ఉంటాదిమ్మే. నేను పూచీ" అన్నాను.

ఆ మాట అన్నది నేనే.

వాళ్ళ దగ్గర సామాను మోసే ట్రాలీ ఆటో ఉంది. దానిపైన పలక బిగించాను. వంద ఆంపియర్ అవర్ బ్యాటరీ పెట్టాను, అంటే మబ్బు పట్టినా ఒకటిన్నర రోజు పెట్టె నడిచేంత. ఎండలో పెట్టె మీద గోనెపట్టా కప్పమన్నాను, గాలి బయటికి వచ్చే జాలీకి మాత్రం ఏదీ అడ్డం పెట్టొద్దన్నాను. ఆటో ఊగినప్పుడు వైరు లూజు కాకుండా క్లిప్పులు వేశాను. ఇంత జాగ్రత్త ఏ టూరిస్టుకూ తీసుకోలేదు. చివర్లో మీట నొక్కి మైనస్ ఆరు పెట్టాను. ప్రాణం నిలిపే మందు కదా, బీరు సీసాలకంటే ఎక్కువ చల్లగా ఉండాలి కదా అనుకున్నాను. గ్లాసు పెట్టాను. గడ్డకట్టాక ఈశ్వరమ్మ చేతిలో వేశాను. ఆమె దాన్ని మొగుడి మెడమీద పెట్టింది. అతను ఎగిరి గంతేశాడు.

"ఈ అంకె ముట్టుకోవద్దండి. ఇట్లనే ఉండనీండి" అని చెప్పి పంపించాను.

నాలుగో రోజు ఓబులేసు ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం.

"అక్కా, పెట్టె బలే ఉండాది. రాయి మాదిరి ఐసు కడతాంది. ఈ పక్క రైతులు గూడా వచ్చి సూసి పోతాండారు."

"మందు ఎట్లుంది?"

"అది గూడా గట్టిపడతాంది. చేతిలో కాసేపు పట్టుకుని కరిగించి ఏస్తాండా."

నేను ఏమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అంత చల్లగా ఉందంటే ఇంక చెడిపోయే మాటే లేదప్పా" అన్నాను. ఆ పూట నా పనితనానికి నేనే మురిసిపోయాను. పక్క టీ అంగడామెను పిలిచి మరీ చెప్పుకున్నాను, గొర్రెల మంద వెంట నా ఫ్రిజ్ నడుస్తోందని.

ఇంకో మూడు రోజులకు మళ్ళీ ఫోన్ వచ్చింది.

"అక్కా, ఈమెకు ఒకటే దప్పిక. బిందె నీళ్ళు తాగినా తీరలే. పొద్దున్నుంచి వాంతులు. మందు తప్పకుండా ఏస్తాండాం. పెట్టె ఏమన్నా చెడిపోయిందేమో?"

"ఐసు కడతాందా?"

"కడతాందక్కా."

"అట్లయితే పెట్టె బాగుంది. మందులో తప్పు లేదు. ఎండకు అయ్యుంటాది, నీడపట్టున పండుకోబెట్టు."

అతను నమ్మాడు. నమ్మి ఒకరోజు పండుకోబెట్టాడు. మరుసటి రోజు ఆమె పలకకపోతే ఆటోలో సామాను కింద పడేసి ఆసుపత్రికి తీసుకుపోయాడు. పెట్టె మాత్రం దించలేదట, మందు ఉంది కదా అని. ఆమె మళ్ళీ కళ్ళు తెరవలేదు.

ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. నెల దాటాక ఒక మధ్యాహ్నం ఓబులేసు ఆ పెట్టెను భుజాన పెట్టుకుని అంగట్లోకి వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"డాక్టరు అడిగినాడక్కా, మందు గడ్డకట్టిందా అని. కట్టింది సార్, శానా బాగా కట్టింది అని చెప్పినా" అన్నాడు.

నేను చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టేశాను.

"గడ్డకట్టి కరిగితే ఇంక అది మందు కాదంట. ఉత్త నీళ్ళతో సమానమంట. సూస్తే మాత్రం సీసాలో ఏం తేడా కనపడదంట. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యలో ఉండాలంట." జేబులోంచి మందు అట్టపెట్టె ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. "దీనిమీదనే రాసుండాదంట, గడ్డకట్టనీవద్దని. ఇంగ్లీషులో."

నేను ఫ్రిజ్ అమ్మిన రోజు కూడా ఆ అట్టపెట్టె ఇదే బల్లమీద ఉండింది. ముగ్గురం చూశాం. ముగ్గురికీ చదవను రాదు. మందు ఇచ్చేవాళ్ళు ఫ్రిజ్‌లో పెట్టుకోండి అని చెప్పి పంపేవాళ్ళు. మామూలు ఇళ్ళకు ఆ మాట చాలు. ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో నీళ్ళు గడ్డకట్టవు కాబట్టి. నేను అమ్మిన పెట్టెలో పై అరా కింది అరా లేవు. నేను పెట్టిన అంకే మొత్తం పెట్టెకు.

"ఆ మాట చెప్పింది నేనేనప్పా, చెడిపోదని" అన్నాను.

"చెప్పినావు. నేను విన్నా. నిన్ను అనేదానికి రాలేదక్కా. సూది ఏసింది నేను. పూటపూటకూ ఈ చేతుల్తోనే కరిగించి, అవే నీళ్ళు ఎక్కించినా. వద్దు మామా ఒళ్ళంతా మంట అని అంటే గూడా, మందు మానకూడదమ్మే అని ఏసినా" అన్నాడు.

నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. పెట్టె అక్కడే వదిలి పోయాడు. మందను అమ్మేశాడని తర్వాత తెలిసింది. ఇప్పుడు పులివెందులలో ఎవరిదో అరటి తోటలో కాపలా ఉన్నాడంటారు. నేను పోయి చూడలేదు. పోయి ఏం చెప్పాలి?

అతను పోయాక ఆ పెట్టెను బ్యాటరీకి తగిలించి లోపల థర్మామీటరు పెట్టాను. ఎక్కడో ఏదో చెడి ఉంటుందని, తప్పు మిషనుదని తేలుతుందని ఒక పిచ్చి ఆశ. కాసేపటికి చూస్తే సరిగ్గా మైనస్ ఆరు. అరడిగ్రీ కూడా తేడా లేదు. ఎంత చెప్పానో అంతే చేసింది.

అప్పటినుంచి గ్లాసు పెట్టడం మానేశాను. ఎవరైనా బ్యాటరీ ఫ్రిజ్ కావాలని వస్తే అన్నిటికంటే ముందు అందులో ఏం పెడతారని అడుగుతాను. పాలు, కూరగాయలు అంటే నాలుగు డిగ్రీలు పెట్టి ఇస్తాను. చేపలు, మాంసం అంటే వేరే మాట. మందు అంటే మాత్రం అట్టపెట్టె తెమ్మంటాను, నా కూతురితో చదివిస్తాను. సీసాలను గోడకు ఆనించొద్దని, నడిమధ్యలో గుడ్డ చుట్టి పెట్టమని, మొదటి రెండు రోజులు వట్టి నీళ్ళ సీసా పెట్టి పక్కన థర్మామీటరు వేసి చూసుకోమని, ఆ తర్వాతే మందు పెట్టమని చెబుతాను. ఒక్కసారి గట్టిపడినా పారేయమంటాను. ఇంత వివరంగా చెబుతుంటే కొందరికి విసుగు. ఒకాయన, "ఫ్రిజ్ అమ్ముతాండావా, వైద్యం చేస్తాండావా?" అన్నాడు. ఏమన్నా అననీ. నేర్చుకోవడం అయితే నేర్చుకున్నాను. దానికి పోయిన ప్రాణం నాది కాదు. అందుకే నేర్చుకున్నానని చెప్పుకోవడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.

ఓబులేసు వచ్చి పోయిన మరుసటి రోజు, అంతకుముందు ఆ పెట్టెలు కొన్నవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. గండికోట డేరాలవాళ్ళు నవ్వారు, మేము బీర్లు తప్ప ఏం పెడతాం అని. వేంపల్లెలో గొర్రెలకు టీకాలు వేసే అతను మాత్రం నవ్వలేదు. అక్కడికక్కడే పెట్టె తీసి చూసి, అంకె మార్చుకున్నాడు. అందరూ దొరికారు, ఒక్కరు తప్ప.

గండికోట చూసి పోతూ వ్యానులో వచ్చిన ఒకామె ఉంది. నడివయసు మనిషి. ఏ ఊరో చెప్పలేదు. తల్లిని వెంటబెట్టుకుని దేశమంతా తిరుగుతున్నామంది. ముసలామె వ్యానులో కిటికీ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉంది. "అమ్మకు సూది మందు ఉందండీ, దారి పొడుగునా చల్లగా ఉండాలి" అంది ఆమె. ఇంకా చల్లగా ఉండాలని అంకె సున్నా కిందికి దించి నేనే ఇచ్చాను. పేరు అడగలేదు. నంబరు మాత్రం రాయించుకున్నాను.

ఇది చెప్పి రాయించడానికి ఆమే కారణం. ఆమె కంటపడుతుందన్న నమ్మకం నాకు లేదు. ఆమె నంబరుకు ఈ పొద్దున కూడా చేశాను. ఈ నంబరు వాడుకలో లేదని వస్తోంది.