పంటినొప్పి పాటల నాటకం

ఆవిడ అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు. పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కులో ముందు బల్ల దగ్గర కూర్చుని, ఫోను మోగీ మోగకముందే ఎత్తి "హలో" అనడం ఆవిడ ఉద్యోగం. ఆ హలో మామూలుది కాదు. రెండక్షరాల్లోనే ఒక ఎక్కుడు, ఒక దిగుడు, చివర్లో చిన్న విరుపు ఉండేవి. నొప్పితో అల్లాడిపోతూ ఫోను చేసినవాళ్ళు కూడా ఆ పిలుపు విని ఒక్క క్షణం తడబడి, "ఇది పళ్ళాసుపత్రేనా అండీ?" అని అడిగేవారు. అలా ఆవిడకి హలోగారన్న పేరు స్థిరపడిపోయింది. కోపం వచ్చినప్పుడు మొగుడు కూడా అలాగే పిలిచేవాడు.

హలోగారికి చిన్నప్పటినుంచీ పాటలు కట్టే జబ్బు ఉంది. పెళ్ళయితే తగ్గుతుందన్నారు, తగ్గలేదు. ఉద్యోగంలో చేరాక మరీ ముదిరింది. క్లినిక్కు ముందుగదిలో వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, గోడమీద ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతున్న దవడ బొమ్మ, తలుపు అవతల పన్ను తొలిచే మర. కుర్చీలో ఒకాయన బుగ్గ పట్టుకుని "మ్మ్" అంటాడు. అది వినగానే పక్కావిడకి తన నొప్పి గుర్తొచ్చి "స్స్" అంటుంది. లోపల మర "జుయ్" అంటుంది. ఒకరోజు ఆ మూడూ ఒకే శృతిలో కలిశాయి. హలోగారికి ఒళ్ళు జలదరించింది. ఆ దెబ్బకి ఫోను రెండుసార్లు మోగినా ఎత్తలేదు. క్లినిక్కు చరిత్రలో అది మొదటిసారి.

అందులోంచి పుట్టిందే "తర్వాత ఎవరు?" అనే పాటల నాటకం. మాటలు తక్కువ, పాటలు ఎక్కువ. కథ చిన్నది. మొగుడూ పెళ్ళాలు ఏళ్ళ తరబడి మాట్లాడుకోవడం మానేశారు. ఒకరికి తెలియకుండా ఒకరు పంటినొప్పితో అదే క్లినిక్కుకి వచ్చి, పక్కపక్క కుర్చీల్లో ఇరుక్కుంటారు. పిలుపు వచ్చేలోగా వాళ్ళ మధ్య ఏం జరిగిందన్నదే నాటకం. రాయడం అయ్యాక ఆవిడ దాన్ని మొదట మొగుడికి వినిపించింది. ఆయన ఫ్రిజ్జులు బాగుచేస్తాడు.

"పళ్ళ మీద పాటలేంటే?" అన్నాడాయన, అంతా విని.

"పళ్ళ మీద కాదండీ, మనుషుల మీద."

"మనుషుల మీదైతే పళ్ళెందుకు మధ్యలో?"

దానికి జవాబుగా నాటకం వెయ్యాల్సిందేనని ఆవిడ ఆ క్షణమే నిర్ణయించుకుంది.

వెయ్యాలంటే డబ్బు కావాలి. ముందుగా పళ్ళ పేస్టు ఏజెంటు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, కథంతా విని, "అమ్మా, మీ నాటకంలో అందరికీ పళ్ళు పుచ్చిపోయి ఉన్నాయి. వీళ్ళు మా పేస్టు వాడినవాళ్ళనుకుంటే నా గతేం కాను?" అని చేతులు జోడించాడు. అక్కణ్ణుంచి కళలకి సాయం చేసే ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి అధికారి కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇందులో సందేశం ఏమైనా ఉందా? రోజూ రెండుపూటలా పళ్ళు తోముకోవాలని, అలాంటిది?" అన్నాడు.

"సందేశం లేదండీ. నొప్పి ఉంది."

"నొప్పికి మా దగ్గర పథకం లేదమ్మా," అన్నాడాయన నిజంగానే బాధపడుతూ.

చివరికి డబ్బు దానంతట అదే నడిచొచ్చి క్లినిక్కు కుర్చీలో కూర్చుంది. వచ్చినాయనకి మెయిన్ రోడ్డు మీద పరుపుల షాపుంది. దవడపన్ను తీయించుకోవడానికి వచ్చి భయంతో బిగుసుకుపోయి ఉంటే, హలోగారు పని చేసుకుంటూ కూనిరాగం తీస్తోంది. ఆ రాగం వింటూ ఆయన కునుకు తీశాడు. లేపి లోపలికి పంపాల్సివచ్చింది. పన్ను పోయిన మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"అమ్మా, ఇరవై ఏళ్ళుగా పరుపులమ్ముతున్నాను. నా పరుపు మీద పడుకున్నా నాకు నిద్ర పట్టదు. మీ పాటకి ప్లాస్టిక్ కుర్చీలో పట్టింది. ఏంటా పాట?"

ఆవిడ నాటకం సంగతి చెప్పింది. ఆయన అక్కడికక్కడే ఖర్చంతా తనదే అన్నాడు. హలోగారు ఆనందం పట్టలేక లేచి నిలబడేసరికి, "రెండే రెండు చిన్న కోరికలు," అన్నాడు. "ఒకటి, స్టేజీ మీద మా పరుపుండాలి."

"క్లినిక్కులో పరుపెందుకండీ?"

"నొప్పికి కూర్చోలేక ఎవడో ఒకడు పడుకుంటాడమ్మా. రెండోది, మా బావమరిదికి వేషం కావాలి. వాడికి నాటకాలంటే ప్రాణం. ఇంట్లో ఊరికే ఉంటే మా ఆవిడకి నామీద అనుమానం, వాణ్ణి పైకి రానివ్వట్లేదని."

బావమరిది వచ్చాడు. చూడ్డానికి బాగానే ఉన్నాడు. పాడమన్నారు. పాడాడు. వీధిలో పోతున్న ఒకాయన లోపలికొచ్చి, "ఎవరికైనా మత్తు ఇవ్వకుండా పన్ను పీకారా?" అని అడిగి వెళ్ళాడు. హలోగారు ఆ రోజంతా ఫోనులో సైతం నీరసంగా హలో అంది. ఇంటికెళ్ళి, అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపి ఒక్కసారిగా నవ్వింది. మర్నాడు బావమరిదిని పిలిచి, ఎంతో గంభీరంగా, "మీకు చాలా ముఖ్యమైన వేషం రాశాను. మొదటినుంచి చివరిదాకా స్టేజీ మీదే ఉంటారు. ఒక్క క్షణం కూడా లోపలికి వెళ్ళరు," అంది.

"నిజంగానా అండీ!"

"అప్పుడే పన్ను తీయించుకున్న మనిషి మీరు. పరుపు మీద పడుకుని ఉంటారు. నోట్లో దూది. నోరు తెరవకూడదని డాక్టరు ఆజ్ఞ."

అతను ఉప్పొంగిపోయాడు. పరుపుల షాపాయన కూడా, రెండు కోరికలూ ఒకే పరుపు మీద తీరినందుకు సంతోషించాడు.

రిహార్సళ్ళకి చోటు కావాలి. సాయంత్రం క్లినిక్కు కట్టేశాక ముందుగది వాడుకోమంది డాక్టరమ్మ. అయితే పెళ్ళాం వేషం తనకే ఇవ్వాలంది. "రోజంతా అందర్నీ నోరు తెరవమంటాను హలోగారూ, నేనెప్పుడు తెరవాలి?" అని అడిగితే కాదనడానికి హలోగారికి మనసొప్పలేదు. అదృష్టం కొద్దీ ఆవిడ గొంతు బంగారం. మొగుడి వేషానికి పార్సిల్ ఆఫీసు గుమాస్తా దొరికాడు. పార్సిల్ అందుకున్నవాళ్ళు ఆయన మాట వినడానికి ఇంకో రసీదు అడిగేవారట. అంత ఖంగుమనే గొంతు. ఒక్కటే చిక్కు. ఆయనకి పళ్ళ డాక్టర్లంటే చచ్చేంత భయం. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొదటి రోజు గోడమీది దవడ బొమ్మని చూసి చెమటలు పడితే, ఫ్యాను తిరగట్లేదన్నాడు.

ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పాడాల్సిన ప్రేమపాట ఎన్నాళ్ళకీ కుదిరేది కాదు. గుమాస్తా కళ్ళు మూసుకుని, నోరంతా తెరిచి పైస్థాయి అందుకోగానే, డాక్టరమ్మ చూపు ఆయన కళ్ళని వదిలి కింది దవడ కుడిపక్కకి జారిపోయేది. తన చరణం ఎత్తుకోవడం మర్చిపోయి, "ఆ జ్ఞానదంతం ఎప్పట్నుంచి అలా ఉందండీ?" అనేది. ఆయన టక్కున నోరు మూసేసేవాడు.

"మేడమ్, ప్రేమగా చూడాలి మీరు," అనేది హలోగారు.

"ప్రేమగానే చూస్తున్నానండీ. అది తీయకపోతే ఈయన దవడ వాచిపోతుంది."

తర్వాత్తర్వాత గుమాస్తా పెదవులు సగమే తెరిచి పాడటం అలవాటు చేసుకున్నాడు.

ఇంట్లో ఫ్రిజ్జులాయన ఇవేవీ పట్టించుకోనట్టే ఉండేవాడు. ఒకసారి మాత్రం, మర చప్పుడు కోసం ఆవిడ నోటితో జుయ్ మని సాధన చేస్తుంటే వినలేక, ఎక్కడో పాత ఫ్రిజ్జులోంచి పీకిన కంప్రెసరు తెచ్చి మీట నొక్కాడు. అది నిండుగా, నిలకడగా, ఒకే శృతిలో మోగింది. "దీనికి నువ్వు కలుపుకో. ఇది నీకు కలవదు," అన్నాడు. ఆవిడ పాటలన్నీ ఆ శృతికి మార్చుకుంది.

నాటకం రోజు రానే వచ్చింది. ఊరి మధ్య హాలు అద్దెకి తీసుకున్నారు. పరుపుల షాపాయన తన ఖాతాదార్లందరికీ టిక్కెట్లు పంచాడు కాబట్టి కుర్చీలు నిండాయి. తెర లేవడానికి కాస్త ముందు గుమాస్తా వచ్చాడు. కుడి బుగ్గ పూర్ణచంద్రుడిలా ఉంది.

"చెప్పానా?" అంది డాక్టరమ్మ, బ్యాగు తెరుస్తూ.

ఆయన పక్కనున్న పరుపుని అడ్డంగా నిలబెట్టి దాని వెనక్కి వెళ్ళిపోయాడు. "ఆటకం అయ్యాకే! ఇఫ్ఫుడు ఉట్టుకుంటే ఛస్తాను!" అన్నాడు అక్కణ్ణుంచి. హలోగారు బతిమాలింది. పరుపుల షాపాయన తన దవడలో ఖాళీ చూపించి ధైర్యం చెప్పాడు. లాభం లేకపోయింది. నొప్పి తగ్గడానికి మాత్ర మాత్రం మింగాడు. వాపుకి మాత్రేం చేస్తుంది? ఆయన స్థానంలో పాడేవాళ్ళు లేరు. వాయిదా వేద్దామంటే జనం వచ్చి కూర్చున్నారు. తెర లేచింది.

మొదటి పాట ఆయనదే. "నువ్వు లేని ఇంట్లో గడియారం కూడా గొంతు తగ్గించింది" అని మొదలవుతుంది. ఆ ఒక్క వాక్యం కోసం హలోగారు ఒక వర్షాకాలమంతా తంటాలు పడింది. గుమాస్తా పాడాడు. "ఉవ్వు ఏని ఇంఓ అడియాఅం..." అని వినపడింది. రాగం చక్కగా ఉంది, మాట ఒక్కటీ లేదు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో దగ్గారు. పక్కతెర వెనక హలోగారు అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. మర చప్పుడు కోసం పక్కనే కూర్చున్న ఫ్రిజ్జులాయన కంప్రెసరు మీట మీద చెయ్యి తీయకుండానే ఆవిడ వైపు చూశాడు.

అప్పుడు పరుపు మీద పడుకున్న మనిషి లేచి కూర్చున్నాడు. నోట్లోంచి దూది తీశాడు. దాన్ని ఒకసారి పరకాయించి చూసుకున్నాడు. జనం వైపు తిరిగి, ఏదో వీధిలో విన్న కబురు చెప్పినంత మామూలుగా, "ఆవిడ లేని ఇంట్లో గడియారం కూడా గొంతు తగ్గించిందట," అన్నాడు. దూది మళ్ళీ నోట్లో పెట్టుకుని పడుకున్నాడు.

హాలు ఒక్కసారిగా గొల్లుమంది.

ఇన్నాళ్ళ రిహార్సళ్ళలో నోరు మూసుకుని పడుకున్నవాడికి అందరి పాటలూ నోటికొచ్చేశాయన్న సంగతి ఎవరూ ఊహించలేదు. ప్రతి వాక్యానికీ అతను లేవడం, దూది తీయడం, "అట" తగిలించి చెప్పడం, పడుకోవడం. కాసేపటికి సొంత తెలివి కూడా మొదలైంది. ఒకచోట దూది తీసి, "ఇంకో మాట కూడా అన్నాడండీ. అది వాళ్ళ ఇంటి విషయం," అన్నాడు. దానికి డాక్టరమ్మ తడుముకోకుండా, అదే రాగంలో, "నా మొగుడి మాట నాకు తెలుసు, మధ్యన నువ్వెవరయ్యా?" అని పాడింది. ముందు వరసలో పరుపుల షాపాయన లేచి నిలబడి, వెనకవాళ్ళు కూర్చోమంటున్నా వినిపించుకోకుండా, "మా బావమరిదే! మా ఆవిడ తమ్ముడే!" అని అటూ ఇటూ చెబుతున్నాడు.

హలోగారికి ముందు ఒళ్ళు మండిపోయింది. తన పాటలన్నీ ఎవరో ముక్కలు చేసి ఉప్పూ కారం అద్దుకు తింటున్నట్టనిపించింది. కానీ జనం నవ్వుతూనే తర్వాతి వాక్యం కోసం చెవులు రిక్కిస్తున్నారు. అది చూసి, తనకి తెలియకుండానే స్టూలు మీద ముందుకి జరిగింది.

చివర్లో మొగుడికి ఒక్కటే మాట ఉంది, పాటా కాదు. పెళ్ళాం వైపు తిరిగి, "ఇంటికెళ్దామా?" అనాలి. గుమాస్తా తిరిగాడు. "ఇంఇకెళ్ఆమా?" అన్నాడు. జనం నవ్వడానికి సిద్ధంగా పరుపు వైపు చూశారు. బావమరిది లేచాడు. దూది తీశాడు. నోరు తెరిచాడు. వాళ్ళిద్దర్నీ చూశాడు. ఏమీ అనకుండా దూది పెట్టుకుని, అటు తిరిగి పడుకున్నాడు.

డాక్టరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. కంప్రెసరు కాసేపు మోగి ఆగిపోయింది. చప్పట్లు ఆ తర్వాత మొదలయ్యాయి.

ఇంటికెళ్ళే దారిలో ఫ్రిజ్జులాయన కంప్రెసరు ఉన్న సంచీని చెయ్యి మార్చుకున్నాడు. తర్వాత, "ఎక్కడా శృతి తప్పలేదు, చూశావా?" అన్నాడు.

"నా పాటలా?"

"కంప్రెసరు," అన్నాడు. కాస్త ఆగి, "నీ పాటలు కూడా," అన్నాడు.

మర్నాడు గుమాస్తా పన్ను తీయించుకున్నాడు. ఆయన చేతులు పట్టుకోవడానికి బావమరిది వెళ్ళాడు. ఆ వారమే తగువు మొదలైంది. మళ్ళీ వెయ్యమని కబుర్లొస్తున్నాయి గానీ, అందరికీ వాచిన బుగ్గే కావాలి. "దూది కుక్కుకుని పాడమనండమ్మా," అన్నాడు పరుపుల షాపాయన. "నా అసలు గొంతు ఎవరూ విననే లేదు!" అని గుమాస్తా అలిగి కూర్చున్నాడు. హలోగారు ఇద్దరికీ సర్ది చెప్పడం మానేసి, ఇంటికెళ్ళి కొత్త పాట రాసింది. ఇప్పుడు నాటకంలో మొగుడు సగంలో లోపలికి వెళ్ళి పన్ను తీయించుకుని వస్తాడు. అక్కణ్ణుంచి మాట స్పష్టంగా పలుకుతుంది. అన్నమాట అనలేదని తప్పించుకోవడానికి వీల్లేక ఇరుకున పడతాడు. బావమరిదికి పని సగానికి తగ్గింది గానీ అతను బాధపడలేదు. పరుపు మీద నిజంగానే ఓ కునుకు తీస్తున్నాడని అందరికీ అనుమానం.

ఒకరోజు హలోగారు బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన కూరగాయల సంచీతో ఉన్న ఒకావిడ గడియారం పాట పాడుకుంటోంది. రెండో వాక్యం చివర పైకి వెళ్ళాల్సిందాన్ని కిందకి దించేస్తోంది. హలోగారు ఒకసారి ఊరుకుంది. రెండోసారి ఊరుకుంది. మూడోసారి ఉండబట్టలేకపోయింది.

"అక్కడ పైకి వెళ్ళాలండీ," అంది మెల్లగా.

ఆవిడ ఎగాదిగా చూసింది. "నాకు చెప్పకండి. నేను ఆ నాటకం రెండుసార్లు చూశాను."

బస్సొచ్చింది. ఇద్దరూ ఎక్కారు. సీట్లు లేక ఒకే కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ పాడుకుంటూనే ఉంది, దించాలనుకున్న చోటల్లా దించుతూ. హలోగారు దిగాల్సిన స్టాపు దాటిపోయింది.