వెండిరేకు గలీబు

గలీబు మాస్టారి ఇంట్లో ఒంటిమీద బట్ట లేని వస్తువంటూ ఉండదు. మిక్సీకి గలీబు, కుట్టుమిషనుకు గలీబు, టీవీ రిమోటుకు గలీబు, ఆఖరికి గొడుక్కి కూడా ఒకటి. బతుకంతా ప్యాంట్లూ చొక్కాలూ కుట్టిన మనిషి కదా, దుకాణం మూతపడ్డాక చేతులు ఊరుకోలేదు. ఇంటిమీద పడ్డారు. "కాసేపు కదలకుండా కూర్చున్నానంటే నాకూ ఒకటి తొడిగేస్తారు" అని ఆయన భార్య ఇరుగుపొరుగుతో అంటూ ఉంటుంది. గలీబు మాస్టారన్న పేరు పెట్టింది కూడా ఆవిడే.

అందరూ కుట్టి ఉన్నవే కొనుక్కోవడం మొదలుపెట్టాక దుకాణం మూతపడక ఏమవుతుంది? బోర్డు దించిన రోజు నుంచీ మాస్టారి మనసులో, ఇక నా పనితో ఎవరికీ పనిలేదు అన్న దిగులు గూడు కట్టుకుంది.

అలాంటి సమయంలో ఒక కుట్టుబడి స్కూలు మేడం ఫోన్ చేసింది. ప్యాంటు కటింగు నేర్పాలి, ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో. ముందు ఒక్క క్లాసు చెప్పించి చూస్తారట. నచ్చితే ఉంచుకుంటారు, లేదంటే ఇంకో మాస్టారు సిద్ధంగా ఉన్నాడట. ఆ ఇంకో మాస్టారంటే మన మాస్టారికి ముఖమైనా చూడకుండానే ఒళ్ళు మండింది.

క్లాసు రోజు సాయంత్రం కూతురు బ్యాంకు నుంచి పెందలాడే వచ్చింది. లోపలి గదిలో కటింగు బల్ల పక్కనున్న కంప్యూటరు ఆమె చదువుకునే రోజులనాటిది. మీట నొక్కితే కాసేపు మూలిగి, మరికాసేపు ఆలోచించి, లేచింది. లేచి లేవగానే నెట్ లేదంది.

"నిన్న బాగానే వచ్చింది కదా నాన్నా!"

"నిన్న క్లాసు లేదుగా, అందుకే వచ్చింది" అన్నారు మాస్టారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

కూతురు కంప్యూటర్ని ఆపి మళ్ళీ పెట్టింది. పాస్‌వర్డు చెరిపేసి మళ్ళీ కొట్టింది. గడియారంలో తేదీ ఏ కాలంలోనో ఉంటే ఈ రోజుకి లాక్కొచ్చింది. హాల్లోకెళ్ళి వైఫై డబ్బా స్విచ్చు కట్టేసి మళ్ళీ వేసింది. అక్కడే నిలబడి ఫోన్లో చూస్తే నెట్ శుభ్రంగా వస్తోంది. దాంతో నేరమంతా ముసలి కంప్యూటరు నెత్తినే పడింది.

"ఫోన్లో చెప్పేయకూడదూ?" అంది తల్లి.

"అంత చిన్న తెరలో పిల్లలు గీసిన గీతలు నాకు కనబడొద్దూ?"

పోనీ ఫోన్లో నెట్టే కంప్యూటరుకిద్దామని కూతురు చూసింది. ఆ కొత్త ఫోను ఉన్నట్టే పాత కంప్యూటరుకు తెలియలేదు. క్లాసు టైము దగ్గర పడుతోంది. మాస్టారు టేపు మెడలో వేసుకుంటారు, తీస్తారు, మళ్ళీ వేసుకుంటారు. "ఈపాటికి ఆ ఇంకో మాస్టారికి ఫోన్ వెళ్ళిపోయుంటుంది" అన్నారు నీరసంగా.

కూతురు చివరికి నెట్ కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి కుర్రాడు తాపీగా అడిగాడు, "డబ్బా మీద పచ్చలైటు వెలుగుతోందా మేడం?"

చూడ్డానికి హాల్లోకి వెళ్ళింది. లైటు లేదు. లైటే కాదు, అసలు డబ్బానే కనబడలేదు. దాని స్థానంలో తళతళలాడుతూ వెండిరంగు మూట ఒకటి కూర్చుని ఉంది. ఇందాక స్విచ్చు దగ్గరికి వచ్చినప్పుడూ అది అక్కడే ఉంది. కానీ ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లకి గలీబు కంటికి ఆనుతుందా?

"నాన్నా! ఇదెప్పుడు కుట్టావు?"

"పొద్దున్నే. పాతది మాసిపోయింది. పదిమందిలో పడే రోజు, డబ్బా కూడా పద్ధతిగా ఉండాలని..."

"ఏం బట్టిది?"

"అన్నం చల్లారకుండా క్యారేజీ సంచుల్లోపల వేస్తారే, వెండిరేకు బట్ట. రెండు పొరలు వేశాను. దుమ్మా ధూళా, ఏదీ దూరదు."

"దూరకపోవడమే కాదు నాన్నా, నెట్‌ని కూడా లోపలి గదిదాకా రానివ్వట్లేదు! డబ్బా పక్కనే నిలబడ్డాను కాబట్టి ఇందాక ఫోన్లో వచ్చింది."

కూతురు గలీబు లాగేసింది. లోపలి గదిలోంచి తల్లి కేక పెట్టింది, "వచ్చిందే, వచ్చింది! ఎవరో పిల్లలు కనబడుతున్నారు!" మాస్టారు పరుగున వెళ్ళి కూర్చున్నారు.

మొదట మెడలో ఉన్న టేపు కోసమే బల్లంతా వెతికారు. సుద్ద చేతికి రాగానే సర్దుకున్నారు. నడుము గీత, తొడ గీత, మోకాలి గీత వరసగా పడ్డాయి. వెనక ముక్కకి వంపు తిప్పి, కూర్చుంటే పట్టకూడదు, లేస్తే జారకూడదు అని చెబుతుండగానే టైమైపోయింది. తెరలో ఓ మూలనున్న మేడం అందరికీ సెలవు చెప్పబోయింది.

"మాస్టారూ, ఆ వంపు మళ్ళీ ఒక్కసారి చూపించరా? నాకు రాలేదు" అందొక అమ్మాయి.

"టైమైపోయిందమ్మా, రేపు చూపిస్తారులే" అంది మేడం. "రేపట్నుంచీ మాస్టారే వస్తారు."

భార్యా కూతురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. మాస్టారు తెరవైపే చూస్తూ "అలాగేనమ్మా" అన్నారు. చేతిలో సుద్ద మాత్రం కింద పెట్టలేదు.