ఓడొచ్చిన రోజు బెండకాయలు

నిన్న బ్రూక్షాబాద్‌లో కొత్తగా తెరిచిన కూరగాయల కొట్టుకు వెళ్ళాను. గాజు తలుపు, లోపల చల్లగాలి, ప్రతి గంప మీదా 'లోకల్' అని రాసిన అట్టముక్క. నా పక్కన నిలబడ్డ ఒక అమ్మాయి దోసకాయను అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, గోటితో గిల్లి, చివరికి నా నెరిసిన జుట్టు మీద నమ్మకం కుదిరిందేమో, "ఆంటీ, ఇది సచ్‌ముచ్ లోకలేనా, షిప్ మాలా?" అని అడిగింది. చూసి చెప్పలేక కాదు. ఇలాంటి మాటకే ఒకసారి తొందరపడి తీర్పు చెప్పినదాన్ని. "కొట్టువాళ్ళనే అడుగమ్మా" అని పక్కకు తప్పుకున్నాను.

మా అత్తగారి దృష్టిలో ఈ దీవుల్లో కూరలు రెండే రకాలు: ఇక్కడి మట్టిలో పండినవి, సముద్రం దాటి ఓడ దిగినవి. మామగారు ఓడరేవు పక్కన చాతం సా మిల్లులో కలప కోసే పని చేసిన రోజుల్లో, ఏ ఓడ ఎప్పుడొచ్చిందో ఆవిడ వంటింట్లోంచే చెప్పేవారట. టమాటాను చేతిలోకి తీసుకుని, "ఏ ఓడకి దిగినావే తల్లీ?" అని పలకరించేవారు. ఆవిడ అనుమానం కూరలతో ఆగేదా! పాలవాడినీ నమ్మేవారు కాదు, కరెంటు మీటరునూ నమ్మేవారు కాదు, నేను పెట్టిన పోపునైతే మూత తీసి చూడనిదే అసలు నమ్మేవారు కాదు. పెళ్ళైన కొత్తలో నాకు నవ్వొచ్చేది. ఇరవై ఏళ్ళు ఒకే వంటింట్లో తిరిగాక ఆ జబ్బు నాకూ అంటుకుంది.

అప్పట్లో నేను బ్రూక్షాబాద్ వైపు ఒక బడిలో టీచర్ని. సాయంత్రం స్కూటర్ మీద మా బతు బస్తీకి తిరిగి వచ్చేటప్పుడు, మలుపు దగ్గర టార్పాలిన్ కింద ఒక బల్ల, బల్ల వెనక తోటావిడ. మా అందరికీ ఆవిడ తోటావిడే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో ఉన్నారు. రోడ్డు దిగువన ఉన్న చిన్న తోట, ఈ బల్ల, అంతే ఆవిడకు ఆధారం. మా సందులో అయిదిళ్ళకూ కూరలు నేనే తెచ్చేదాన్ని. స్టాఫ్‌రూమ్‌లో కూడా నేను బాగుందన్న కూరే అందరూ కొనేవారు. కాబట్టి ఆవిడ బల్ల నిలబడాలన్నా, పడిపోవాలన్నా నా మాట మీదే ఉండేది. ఆ సంగతి నాకు బాగా తెలుసు, కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఒక వర్షాకాలం ఒక చిత్రం గమనించాను. మామూలు రోజుల్లో బల్ల మీద రెండు గుప్పిళ్ళ బెండకాయలు, నాలుగు కాకరకాయలు ఉండేవి. సరుకు ఓడ వచ్చిన మర్నాడు మాత్రం బల్ల పట్టనన్ని! అత్తగారి చెవిన వేశాను. ఆవిడ కళ్ళు మెరిశాయి. "ఓడొచ్చినప్పుడే ఆ మనిషి తోట కాస్తాదేటే? సెప్పకుండా ఎల్లి సూసిరా" అన్నారు.

ఈసారి ఓడొచ్చిన మర్నాడు ఆదివారం. పొద్దున్నే చెప్పకుండా వెళ్ళాను. తోటావిడ సంబరపడిపోయింది. "రండి దీదీ, జలగలుంటాయి, దేఖ్‌కే రండి" అంటూ చెయ్యి పట్టి దింపింది, బొండం కొట్టి ఇచ్చింది. నేను బొండం తాగుతూ మళ్ళు చూస్తున్నాను. ఈ నాలుగు వరసల నుంచి అన్ని కాయలా? ఎప్పుడు నాటావు, ఎన్నాళ్ళకు కోస్తావు అని ఊరికే అడిగినట్టు అడిగాను. ఇంతలో పాక మూల గోనెసంచులు కనిపించాయి. వాటి మీద ఎర్ర రంగులో తమిళ అక్షరాలు, ఓడ దిగిన సంచులే. ఒకదాని మూతి విప్పి ఉంది, లోపల బెండకాయలు. దొరికిందిలే అనుకున్నాను. నోరు విప్పి అడిగితే ఏం పోయేది? అడగలేదు. నవ్వుతూ వీడ్కోలు తీసుకుని వచ్చేశాను.

తోటావిడది ఓడ సరుకని సాయంత్రానికి అయిదిళ్ళకూ తెలిసింది, మర్నాడు స్టాఫ్‌రూమ్‌కు తెలిసింది. నేనూ వేరే దారిన రావడం మొదలుపెట్టాను.

నెలన్నర తర్వాత ఒక ముసురు రోజు గుమ్మంలో కాళ్ళు తుడుచుకుంటూ కిందికి చూశాను. కాలి కింద ఎర్ర రంగు తమిళ అక్షరాలు. మా కాలిపట్టా ఓడ దిగిన ఉల్లిపాయల సంచి. పెరట్లో మల్లె పాదుకు కప్పింది అదే, కోళ్ళ గూటికి కట్టింది అదే. ఈ దీవుల్లో ఓడ దిగకుండా వచ్చిన సంచి ఏ ఇంట్లో ఉంది గనక! అత్తగారికి చెప్పాను. "సంచి నేను సూసినానా? సూసింది నువ్వు" అన్నారు. అని, గొడుగు తీసుకుని తనే అయిదిళ్ళకూ వెళ్ళి, "మా కోడలికి కళ్ళు సరిగా ఆనవు, తోటావిడది ఖరా సరుకే, ఆవిడ తోటలో పండిందే" అని చెప్పి వచ్చారు. నాకు కోపం రాలేదు. ఆ మాత్రం పని నాకు చేతకాలేదు.

మలుపు దగ్గర బల్ల లేదు. తోటలోకి దిగితే బెండకాయలు మొక్కల మీదే ముదిరి కట్టెలయ్యాయి. ఆవిడ అప్పుడే వచ్చింది, పొద్దుట ఒక టిఫిన్ హోటల్లో గిన్నెలు తోముతోందట. చేతులు నాని తెల్లబడ్డాయి. నేనే అన్నానని చెప్పేశాను.

"తెలుసు దీదీ" అంది. "ఓడొస్తే, రోజూ కొనే బజారోళ్ళు మా సరుకు ముట్టరు. పట్టుకెళ్ళిందంతా సంచుల్లో వాపస్ తెచ్చి బల్ల మీద పోస్తాను. ఆ రోజు మీరు సంచి కేసి సూసినారు కదా. అడుగుతారేమో అని నిలబడ్డాను."

బెండకాయలు కావాలన్నాను, ఇంకేం అనాలో తెలియక. ఆవిడ పాకలోకి వెళ్ళి కొడవలి తెచ్చి నా చేతికిచ్చింది. "మీరే కోసుకోండి దీదీ. ఎక్కడివో అని మళ్ళీ షక్ రాకూడదు" అంది. గొంతులో కోపం ఉంటే బాగుండేది. లేదు.

బల్ల మళ్ళీ వెలిసింది, అయిదిళ్ళవాళ్ళూ వచ్చారు. అందరికీ తనే ఏరి, సంచిలో పోసి, పైన గుప్పెడు వేసి మరీ ఇస్తుంది. నేను వెళితే బొండం కొడుతుంది, పిల్లల కబుర్లు చెబుతుంది, కొడవలి ఇస్తుంది. మీకైతే ఏకంగా తోటలోకే దారి ఇచ్చింది, ఎంత అభిమానమో అంటారు మా సందువాళ్ళు. ఏడేళ్ళలో ఆవిడ ఆ బెండ మొక్కల్ని ఎన్నిసార్లు పీకి మళ్ళీ వేసిందో లెక్కలేదు, పెద్దమ్మాయికి ఉద్యోగం కూడా వచ్చింది. నా కూర మాత్రం ఇప్పటికీ నేనే కోసుకుంటున్నాను.